చెరువు పోయిన ఏడాది దేవుణ్ణి నమ్ముకోవడం

అమ్మలూ,

నీకూ అల్లుడికీ ప్రభువు నామంలో వందనాలు. పిల్లలకి ముద్దులు. రొయ్యల చెరువు జబ్బొచ్చి పోయిందని, అప్పులు మిగిలాయని నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ మళ్లీ మళ్లీ విన్నాను. జవాబు ఫోన్లో చెబితే నువ్వు ఏడుస్తావు, నేనూ ఏడుస్తాను, చెప్పాల్సింది చెప్పకుండానే పెట్టేస్తాం. అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఒక్కసారే చదివి పారేయకు, బైబిల్లో పెట్టుకో.

"దేవుడు నమ్మదగినవాడని చిన్నప్పుడు నువ్వే నేర్పావు కదా పెద్దమ్మా, మరి మా దగ్గరికొచ్చేసరికి ఏమైంది?" అని అడిగావు. ఈ మాట అడిగినందుకు భయపడుతున్నావని నీ గొంతులో తెలిసింది. భయపడకు. దేవుణ్ణి నిలదీసి అడిగినవాళ్ల మాటలు ఆయన తన గ్రంథంలోనే రాయించి ఉంచాడు. దాని సంగతికి తరవాత వస్తాను.

ముందు నిన్ను ఎక్కువ బాధపెట్టిన మాట తేల్చేద్దాం. సంపాదనలో పదోవంతు, దశమభాగం, చర్చికి సరిగ్గా ఇవ్వకపోవడం వల్లే చెరువు పోయిందని ఇంటి ప్రార్థనకి వచ్చిన ఒకామె అందట. తల్లీ, రొయ్యలకొచ్చే తెల్లమచ్చ వైరస్ చెరువులో వదిలే రొయ్యపిల్లలోంచి వస్తుంది, కాలువ నీళ్లలోంచి వస్తుంది, గట్టు దాటొచ్చే పీతల్లోంచి వస్తుంది. మీ కాలువ మీదున్న చెరువులన్నిటికీ వచ్చింది. కానుకలు ఇచ్చేవాళ్ల చెరువులు పోయాయి, చర్చి మొహం చూడనివాళ్లవీ పోయాయి. 1990ల నడుమ టైగర్ రొయ్య రోజుల్లో ఇదే జబ్బు వచ్చి మన కోస్తా అంతా చెరువులు ఊడ్చుకుపోయినప్పుడు కూడా ఎవరి భక్తినీ అడగలేదు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు యెరూషలేములో అందరికంటే పాపులా అని యేసు ప్రభువే అడిగి, కాదని ఆయనే చెప్పాడు. లూకా 13లో చూడు. అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు కూడా ఆమెలాగే, పాపం వల్లే పోయిందని లెక్క కట్టారు. చివరికి దేవుడు వాళ్ల మీద కోపపడి, తన గురించి మీరు సరిగ్గా మాట్లాడలేదన్నాడు. అదే స్నేహితులు మొదటి ఏడు రోజులూ నోరెత్తకుండా యోబు పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. ఆమె మళ్లీ వస్తే మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టు. ఆమె మాట మాత్రం మనసులోకి తీసుకోకు. నీ మనస్సాక్షికి నిజంగా ఏదైనా గుచ్చుకుంటుంటే దాన్ని ప్రభువు ముందు ఒప్పుకో. దానికీ రొయ్యలకీ ముడి పెట్టకు.

ఇప్పుడు నీ ప్రశ్న.

మీ హాల్లో గోడమీద వాక్యం క్యాలెండరు ఉంది కదా, "నీవు ఎంతైన నమ్మదగినవాడవు" అని. పోయిన క్రిస్మస్‌కి వచ్చినప్పుడు చూశాను. ఆ మాట ఏ పుస్తకంలోంచి వచ్చిందో ఒకసారి తీసి చదువు. విలాపవాక్యములు. యెరూషలేము కాలిపోయింది, దేవాలయం కూలిపోయింది, వీధుల్లో పిల్లలు ఆకలికి సొమ్మసిల్లుతున్నారు. అది చూస్తూ రాసిన ఐదు అధ్యాయాల ఏడుపు అది. సరిగ్గా నడిమి అధ్యాయంలో, క్యాలెండరు మీది వచనానికి ఐదు వచనాల ముందు, నాకిక యెహోవాయందు ఆశలు లేవనుకున్నాను అంటాడు. ఆ వచనాన్ని ఎవరూ క్యాలెండరు మీద వెయ్యరు. కానీ ఆ రెండు మాటలూ అన్నది ఒకడే, ఒక్క ప్రార్థనలో. ఆ తరవాత కూడా ఊరు మళ్లీ లేచిపోలేదు. నాలుగో అధ్యాయంలో మళ్లీ అదే ఆకలి. "నమ్మదగినవాడవు" అన్న మనిషి ఆ సాయంత్రం కూడా బూడిదలోనే పడుకున్నాడు. నేను నీకు చెప్పదలుచుకున్నదంతా ఇందులోనే ఉంది. దేవుడి నమ్మకత్వాన్ని మన పరిస్థితి బాగుపడిన రోజుతో కొలవకూడదు. అలా కొలిస్తే బాగుపడేదాకా మనకి దేవుడే ఉండడు.

వేసవిలో లాకులు దించేసి మన కాలువలు కట్టేస్తారు. పంటకాలువ అడుగు కనిపిస్తుంది, పిల్లలు అందులో క్రికెట్ ఆడతారు. అంతమాత్రాన ధవళేశ్వరం దగ్గర గోదావరి లేదని మన డెల్టాలో ఎవరమూ అనుకోం.

నువ్వు చెప్పిన ఇంకో సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. ఎవరో ప్రవచనం చెప్పారని, మూడు నెలల్లో మీ అప్పంతా తీరిపోతుందన్నారని, దానికి ముందుగా విశ్వాసంతో ఒక పెద్ద కానుక వెయ్యమన్నారని. నీ చేతికున్న చివరి రెండు గాజులూ అందుకు ఇద్దామనుకుంటున్నావు. ఇవ్వకు. పెద్దమ్మ మాటగా వద్దంటున్నాను.

యిర్మీయా 28, 29 అధ్యాయాలు ఈ రాత్రే అల్లుడితో కలిసి చదువు. జనాన్ని బబులోనుకి చెరపట్టుకుపోయారు. గిబియోనువాడు హనన్యా దేవాలయంలో అందరి ముందూ నిలబడి, రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారు, దేవుడే చెప్పాడు అన్నాడు. ఎంత తియ్యటి మాట! యిర్మీయా కూడా ముందు "ఆమేన్" అన్నాడు, అలాగే జరిగితే బాగుణ్ణన్నాడు. ఆయనకి మాత్రం తన జనం తిరిగిరావాలని ఉండదా? కానీ అది దేవుడు చెప్పిన మాట కాదు. బబులోను రాజుకి లోబడాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని హనన్యా తీసి విరగ్గొట్టి మరీ చెప్పాడు, జనానికి ఎంత ధైర్యం వచ్చుంటుందో. ఆ ఏడే హనన్యా చనిపోయాడు. రెండేళ్లు గడిచాయి, ఎవరూ రాలేదు.

తరవాతి అధ్యాయంలో యిర్మీయా చెరలో ఉన్నవాళ్లకి రాసిన ఉత్తరం ఉంది. అందులో చెప్పింది డెబ్బై ఏళ్లు. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని డిసెంబరు 31 రాత్రి వాగ్దానం కార్డుల్లో అందరం కోరుకునే వచనం ఆ డెబ్బై ఏళ్ల మాటకి సరిగ్గా కిందనే ఉంది. చదివినవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే కన్నుమూసి ఉంటారు. మరి వాళ్లకి ఆ వాగ్దానం దేనికి? అంతకు పైన చూడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పిల్లలకి పెళ్లిళ్లు చెయ్యండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి అంటాడు. పరాయిదేశంలో, శత్రువుల ఊళ్లో. నమ్మి కనిపెట్టుకుని ఉండటమంటే చేతులు ముడుచుకుని తారీకులు లెక్కపెట్టడమని ఆయన చెప్పలేదు. ఆ రోజు పని ఆ రోజు చెయ్యమన్నాడు.

నేనిది కంటితో చూశాను కూడా. 1996 నవంబరు 6 బుధవారం రాత్రి తుఫాను కోనసీమ మీద పడినప్పుడు మేము ముమ్మిడివరం అవతల మీ పెదనాన్న వాళ్ల ఊళ్లో ఉన్నాం. తెల్లారేసరికి మా కొబ్బరితోటలో నిలబడ్డ చెట్లు వెతుక్కోవాల్సి వచ్చింది. భైరవపాలెం వైపు వేటకెళ్లిన మత్స్యకారులు ఎంతమంది తిరిగి రాలేదో. చర్చి పైకప్పు ఎగిరిపోయింది. ఆదివారం పడిపోయిన కొబ్బరి మొద్దుల మీద కూర్చుని ఆరాధించాం. పాస్టరు గారు ప్రసంగం చెప్పలేదు. 13వ కీర్తన చదివారు. ఎన్నాళ్లు, ఎన్నాళ్లు అని దావీదు నాలుగుసార్లు అడుగుతాడు అందులో. అది చదివి ఆయన కూర్చుండిపోయారు, మేమందరం ఏడ్చాం. ఇప్పటికీ నేను విన్న ఆరాధనల్లో అదే గొప్పదనుకుంటాను. ఆ శీతాకాలంలోనే మా అత్తగారు కొబ్బరి మొక్కలు తెప్పించి నాటించారు. దేశవాళీ కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, ఆవిడ అప్పటికే పెద్దవయసు. "నేను తింటానో లేదో దేవుడికి తెలుసు, గొయ్యి మాత్రం ఇవాళే తియ్యాలి" అన్నారు. చదువురాని మనిషి. యిర్మీయా ఉత్తరం ఆవిడకి ఎవరైనా చదివి వినిపించారో లేదో కూడా నాకు తెలియదు.

సరే, ఇంట్లో ఏం చెయ్యాలో చెబుతాను.

అప్పులన్నీ ఒక పుస్తకంలో రాయండి, ఇద్దరూ కలిసి కూర్చుని. మేత కొట్టు బాకీ, మందుల కొట్టుది, లీజు బకాయి, బ్యాంకుది, చేబదుళ్లు, వడ్డీకి తెచ్చినవి. ఏది ఎంత, వడ్డీ ఎంత, ఎప్పుడు తెచ్చారు. అల్లుడు కొన్ని నీకు చెప్పి ఉండడు, చెప్పినప్పుడు అరవకు. మూడు రూపాయల వడ్డీ అంటే లక్షకి నెలకి మూడువేలు, ఏడాదికి ముప్పైఆరువేలు. అది ముందు తగ్గాలి. ఆ గాజులు కానుక పెట్టెలో వెయ్యడం కంటే బ్యాంకులో పెట్టి ఆ మూడు రూపాయల అప్పులో కొంతైనా తీర్చడం మంచిది. బ్యాంకు వడ్డీ దాంట్లో మూడోవంతుకి అటూ ఇటూగా ఉంటుంది. దేవుడు నీ ఇల్లు ఆర్పి తన ఇంటికి దీపం పెట్టమనేవాడు కాదు. విధవరాండ్ర ఇళ్లు మింగేవాళ్ల గురించి యేసు ప్రభువు ఎంత కఠినంగా మాట్లాడాడో నీకు తెలుసు. మేత కొట్టాయన దగ్గర మొహం చాటెయ్యొద్దని అల్లుడికి చెప్పు. ఎదురెళ్లి కూర్చుని నెలకింతని మాట్లాడుకున్నవాడికి ఆయన గడువిస్తాడు, ఫోను ఎత్తనివాడికి ఇవ్వడు. పోయింది రాబట్టాలని వెంటనే ఇంకో అప్పు తెచ్చి రొయ్యపిల్ల వదలొద్దు. చెరువు ఎండబెట్టాలి, గట్లు చూసుకోవాలి, పక్క రైతులతో మాట్లాడుకోవాలి. ఈ పంటకి ఎవరి దగ్గరైనా జీతానికి చేసినా నామోషీ ఏం లేదు. పౌలు అంతటివాడు డేరాలు కుట్టుకుని బతికాడు.

అల్లుడి గురించి నువ్వు ఒక్క వాక్యమే అన్నావు. రాత్రిళ్లు నిద్రపోవట్లేదని, షెడ్డులోనే ఒంటరిగా ఉండిపోతున్నాడని, "నేను లేకపోతే మీకే బాగుంటుంది" అన్నాడని. నేను నర్సుగా పనిచేసినదాన్ని తల్లీ, ఈ మాట తేలిగ్గా తీసుకోను. నువ్వూ తీసుకోకు. చెరువు దగ్గరా ఇంట్లోనూ ఉన్న పురుగుమందులు, బ్లీచింగ్, ఏవున్నా ఈ రోజే అక్కణ్ణించి తీయించెయ్యి. రాత్రిపూట షెడ్డులో ఒక్కణ్ణీ ఉండనివ్వకు, తమ్ముణ్ణి తోడు పంపించు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగు. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు, లోపలున్న బరువు బయటికొస్తుంది. అవునంటే ఆ క్షణం నుంచి ఒంటరిగా వదలకు, నాకు ఏ వేళైనా ఫోన్ చెయ్యి, ఆస్పత్రికి తీసుకెళ్లు. టెలీ మానస్ అని ప్రభుత్వం వాళ్ల నంబరు ఉంది, 14416. రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బేమీ అడగరు.

దీన్ని విశ్వాసలోపం అని ఎవరైనా అంటే ఏలీయా ప్రవక్తని చూపించు. కర్మెలు కొండ మీద అగ్ని దింపినవాడు ఆ వెంటనే బదరీచెట్టు కింద పడిపోయి, నా ప్రాణం తీసెయ్యి ప్రభువా అన్నాడు. దేవుడు కోప్పడలేదు, వాక్యం చెప్పలేదు. పడుకోనిచ్చాడు. దేవదూత వచ్చి తట్టి లేపి రొట్టె, నీళ్లు పెట్టింది. మళ్లీ పడుకోనిచ్చింది, మళ్లీ లేపి తినమంది. ప్రయాణం నీ శక్తికి మించింది అన్నది. దేవుడికి మన ఒళ్లు ఎంతవరకు ఓర్చుకుంటుందో తెలుసు. కాబట్టి అల్లుడికి వేళకి అన్నం పెట్టు, నిద్రకి డాక్టరు మందు రాస్తే వేయించు. అవి కూడా ప్రార్థనకి జవాబులే. చర్చికి రావట్లేదని మాత్రం సతాయించకు. వెళ్లేటప్పుడు "వెళ్లొస్తాం" అని చెప్పు, వచ్చాక ఎవరెవరు కనిపించారో చెప్పు, అంతే.

నువ్వు మాత్రం మానకు. పాట పాడబుద్ధి కావట్లేదన్నావు. పాడకు. కూర్చో. పక్కన పదిమంది పాడుతుంటే వాళ్ల విశ్వాసం మీద ఆనుకుని ఒక ఆదివారం గడుస్తుంది. ఇంకో ఏడు వాళ్లలో ఎవరో నీ మీద ఆనుకుంటారు. సాక్ష్యం చెప్పమని మైకు ఇస్తే, ఇప్పుడు చెప్పలేనండి, నా కోసం ప్రార్థించండి అని కూర్చో. అన్నీ అందరికీ చెప్పకు. సంఘంలో నోరు కుదురున్న పెద్దావిణ్ణి ఒక్కర్ని చూసుకుని ఆవిడకి మొత్తం చెప్పు. ఇంట్లో ఒక్కదానివే ఉన్నప్పుడు 88వ కీర్తన తియ్యి. అది చీకటి అన్న మాటతోనే అయిపోతుంది, చివర్లో ఓదార్పు ఏమీ ఉండదు. కానీ మొదటి వచనంలో ఆయన్ని "నాకు రక్షణకర్తవగు దేవా" అని పిలుస్తాడు. చీకట్లో కూడా ఆయన్నే పిలుస్తున్నాడు, ఇంకొకళ్లని పిలవట్లేదు. నీకు వేరే ప్రార్థన రాకపోతే అదే చాలు.

మీ పెదనాన్న సంగతి కూడా రాయాలి, ఎందుకంటే నువ్వు అడగలేక ఆగిపోయావని నాకు తెలుసు. కిడ్నీలు పోయి డయాలసిస్ మీద ఉన్నప్పుడు సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించారు. నయమవుతుందని కొందరు ఘంటాపథంగా చెప్పారు. కాలేదు. ఆయన వెళ్లిపోయారు. ఆఖరి నెలల్లో ప్రార్థనకి వచ్చినవాళ్లతో ఆయనొకటి అన్నారు: "నన్ను బాగుచెయ్యమని అడిగింది చాలు, ఇంక నన్ను వదలొద్దని అడగండి." ఆ ప్రార్థన ఫలించింది, నేను పక్కనే ఉండి చూశాను. ఎందుకు బాగుచెయ్యలేదో ఈ రోజుకీ నాకు చెప్పలేదు దేవుడు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు అడిగితే "నా కృప నీకు చాలును" అన్నాడే తప్ప తియ్యలేదు. ఎంతోమందిని స్వస్థపరిచిన ఆ పౌలే, త్రోఫిము జబ్బుగా ఉంటే మిలేతులో వదిలేసి వచ్చానని తిమోతికి రాశాడు. షద్రకు, మేషాకు, అబేద్నెగో, అగ్నిగుండంలో వేయిస్తానన్న రాజుతో మా దేవుడు రక్షించగలడు అన్నారు, రక్షించకపోయినా నీ ప్రతిమకి మొక్కం అన్నారు. ఆ రెండో మాట లేకపోతే మొదటి మాట బేరం అయిపోయేది.

ఇది మన డెల్టాలో సువార్త మొదలైన తీరులోనే ఉంది చూడు. మొదట వచ్చిన మిషనరీల్లో బౌడెన్ గారు రాళ్లు చెక్కే పనివాడు, బీర్ గారు చెప్పులు కుట్టే పనివాడు. 1836లో ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చి, మచిలీపట్నం మీదుగా మన నరసాపురం, పాలకొల్లు చేరారు. వచ్చీ రాగానే జనం గుంపులుగా మారిపోలేదు. ఏళ్ల తరబడి ఎండలో తిరిగారు, జబ్బులు పడ్డారు. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి డెల్టాకి నీళ్లొచ్చాయి. మరుసటేడే, 1853లో, బీర్ గారు పోయారు. ఇప్పుడు ఆ రెండు ఊళ్ల చుట్టూ ఉన్న సంఘాలు ఆయన చూసినవి కావు. ఆయన కొడుకులు పని కొనసాగించారు. మనింట్లో బైబిలు ఉందంటే అలాంటివాళ్లు ఫలం చూడకుండా పనిచేసిన పుణ్యమే. నీ కష్టం వాళ్లదానితో పోల్చి చిన్నదని చెప్పడానికి కాదు ఇది రాయడం. నీకంటే ముందు నడిచినవాళ్లు ఉన్నారని, ఈ మట్టిలోనే ఉన్నారని తెలియాలని.

ఇంకొకటి. మీ ఎదురింటి వాళ్లు పిల్లలకి వారం రోజులు కేరేజీ పంపారన్నావు, వాళ్లు గుడికెళ్లేవాళ్లు కదా, తీసుకోవచ్చా అని సందేహపడ్డావు. ఏలీయాకి కరువులో అన్నం పెట్టింది సారెపతు విధవరాలు, ఇశ్రాయేలీయురాలు కాదు. దేవుడు పంపినదాన్ని ఎవరి చేతిలోంచి వచ్చిందని వెనక్కి పంపకు. కేరేజీ ఖాళీగా ఇవ్వకుండా నాలుగు ములక్కాడలైనా పెట్టి ఇవ్వు.

నేను శనివారం పొద్దున్న పాలకొల్లులో బస్సెక్కి నరసాపురం మీదుగా వస్తాను. అల్లుడికి చెప్పు, పెద్దత్త చర్చి గురించి ఒక్క మాట కూడా అడగదు, అప్పుల పుస్తకం చూడ్డానికే వస్తోందని. బ్యాంకు పాస్‌బుక్కు, లీజు కాగితం, మేత కొట్టు బిల్లులు తీసి ఉంచండి. మధ్యాహ్నం మేత కొట్టాయన దగ్గరికి ముగ్గురం కలిసి వెళ్దాం, ఆయన తండ్రి నాకు ఆస్పత్రి రోజుల నుంచి తెలుసు. గాజులు చేతికే ఉండాలి నేను వచ్చేసరికి.

మీ
పెద్దమ్మ